ఐదు గీతలూ నిండుగా ఉన్న ఇల్లు

2008లో నేను ఘాజియాబాద్‌లో ఒక మొబైల్ సంస్థకు ఫీల్డ్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. ఫిర్యాదు వచ్చిన ఇంటికి వెళ్ళి సిగ్నల్ స్ట్రెంగ్త్ కొలవడం, అంకె బాగుంటే సంతకం తీసుకుని ఫిర్యాదును మూసివేయడం నా విధి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. వేలిముద్ర వేసే మా నాన్న పదే పదే చెప్పిన మాట ఒక్కటే: చదవకుండా దేనిమీదా సంతకం పెట్టవద్దని.

అలా ఫిర్యాదు చేసినవారిలో విజయలక్ష్మి గారు ఒకరు. సొంతూరు నరసాపురం, ఉండేది ఘాజియాబాద్‌లోనే. భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక, వైద్యులు రికార్డు చేసి పంపిన మాటలను ఇంట్లోనే విని టైపు చేసే పనిలో చేరారు. ఫైళ్ళు సాయంత్రం ఏడులోపు చేరాలి. డేటా కార్డుమీద అవి వెళ్ళడం లేదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పని ఉండదని హెచ్చరిక కూడా వచ్చింది.

నేను వెళ్ళింది ఉదయం పదకొండుకు. మీటరు మైనస్ యాభై ఎనిమిది డీబీఎం చూపింది. ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. టవరు ఎదురు మేడమీదే ఉంది.

“సిగ్నల్ ఐదు గీతలూ నిండుగా ఉన్నాయండీ,” అన్నాను.

“అవి నాకూ కనపడుతున్నాయి తమ్ముడూ. దణ్ణం పెట్టుకోనా వాటికి? సాయంత్రం ఆరింటికి రా, ఫైలు ఎలా నిలబడిపోతుందో చూపిస్తాను.”

“సాయంత్రం విజిట్లు ఉండవండీ. పైవాళ్ళకి చెప్తాను. ఇక్కడ సంతకం చెయ్యండి.”

“ఏముంది ఇందులో?”

“నేను వచ్చినట్టు, అంతేనండీ.”

“అచ్ఛా. మన తెలుగువాడివి, చదివేదేముందిలే,” అంటూ చేశారు.

సమస్య పరిష్కారమైందని ఆ ఫారంలో అచ్చయి ఉంది.

ఆనాటి ఎడ్జ్ నెట్‌వర్క్‌లో కాల్స్‌కూ డేటాకూ కలిపి ఉన్నవి అవే కొన్ని టైమ్ స్లాట్లు, అంటే టవరు పంచి ఇచ్చే చోట్లు. ముందు చోటు కాల్స్‌దే. ఆఫీసుల నుంచి జనం ఇళ్ళకు చేరే వేళకు అవన్నీ మాటలతో నిండిపోయేవి. ఇది నాకు తెలుసు. ఫారంలో వేగానికి గడి లేదు. టవరు సామర్థ్యం పెంచే విభాగం, మూసిన ఫిర్యాదులను చూసేది కాదు. మా సూపర్‌వైజరుకు చెప్పాను. “సైన్ హో గయా నా భాయ్?” సంతకం అయిపోయింది కదా అని, తన పనిలో పడ్డారు.

పది రోజులకు ఆమె ఫోన్ చేశారు.

“పని పోయింది తమ్ముడూ. మళ్ళీ కంప్లైంట్ పెడితే, బాగయిందని మీరే రాసిచ్చారు కదా మేడమ్ అన్నారు. నేనెప్పుడు రాసిచ్చాను?”



గీతలు టవరు మనకు ఎంత బాగా అందుతోందో చెబుతాయి. అక్కడ మనకు చోటు ఉందో లేదో చెప్పవు. ఆ తరువాత ఫారం మొత్తం చదివి వినిపించాకే సంతకం అడిగేవాణ్ణి. ఆమె ఫిర్యాదు మాత్రం పరిష్కారమైనట్టుగానే ఉండిపోయింది.