పాచినోరు

నూజివీడు నుంచి మైలవరం పోయే రోడ్డు పక్కన పాండురంగారావు గారి పాక ఉండేది. తోటల నుంచి బళ్ళ మీద వచ్చిన పచ్చి మామిడికాయలను అందులో వరిగడ్డి పరిచి ముగ్గవేసేవారు. తెల్లారి తలుపు తీసే ముందు ఆడకూలీలంతా వాకిట్లో వరసగా నిలబడి నాలుక చాపాలి. పాచినోటితో ముట్టుకుంటే కాయ కుళ్ళుతుందనీ, ఒక కాయ కుళ్ళితే కుప్పంతా పోతుందనీ మావాళ్ళ నమ్మకం. ఆ నాలుకలు చూసేది వెంకాయమ్మ.

ఆమెకు మొగుడు లేడు, సెంటు భూమి లేదు. కొడుకు ఆంజనేయులు నాతోపాటే ఆ పాకకు కాయల బండి తోలేవాడు. లోకంలో ఆమెకు దక్కిన గౌరవమల్లా ఆ వాకిట్లో గడిచే కాసేపే. అందుకని చీకటితోనే లేచి వేపపుల్ల నమిలి, దాన్ని నిలువునా చీల్చి, ఆ బద్దతో కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నాలుక గీసుకుని వచ్చేది. ఎవరి నాలుక మీద పాచి కనిపించినా ఆ పూట కూలి లేదు.

వెంకాయమ్మకు చుట్ట అలవాటు. గడ్డి మధ్య చుట్టేమిటని ఎవరూ అనలేదు. ఆమెది అడ్డపొగ. బయట వెలిగించుకుని, కాలే కొసను నోట్లోకి తిప్పి పెదాలు మూసేది. నిప్పురవ్వ రాలదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, కాయలు ఏరుతూనే ఉండొచ్చు. పాకలో అగ్గిపుల్ల కనిపిస్తే మనిషిని గెంటేసే పాండురంగారావు గారు కూడా దీనికి అభ్యంతరం చెప్పలేదు. నిప్పు ఆమె నోట్లో ఉన్నంతసేపు ఆయన గడ్డికి భయం లేదు.

అరవై రెండో సంవత్సరం వేసవిలో ఒకరోజు దుర్గ అనే పడుచు కూలి ఆలస్యంగా పరుగెత్తుకొచ్చింది. రాత్రంతా చంటిపిల్ల ఏడ్చిందట. పుల్ల వేయకుండానే వచ్చింది.

“పోయి గీసుకురావే. నాలికా అది, సున్నం కొట్టిన గోడా?” అంది వెంకాయమ్మ. అందరూ నవ్వారు.

దుర్గకు రోషం వచ్చింది. “అందరి నాలికలూ చూస్తావు సరే అత్తా, నీది చూసేవాళ్ళెవరు?”

“నువ్వే చూడు” అంటూ వెంకాయమ్మ ధీమాగా నాలుక చాపింది.

దుర్గ దగ్గరికి వంగి చూసింది. వెనకున్నవాళ్ళు తొంగి చూశారు. నాలుక మీద ఒక పక్కగా రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ ఉంది.

“సున్నం నీకే ఉందత్తా” అంది దుర్గ మెల్లగా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ మచ్చను పోగొట్టుకోవడమే వెంకాయమ్మకు పనైపోయింది. వేపబద్ద చాలక తాటాకు ఈనె పట్టింది. ఉప్పు పెట్టి రుద్దింది. చివరికి రేకుముక్క వంచి గీసుకుంది. పాచి అయితే పోవాలి కదా. పోలేదంటే తాను సరిగ్గా గీసుకోలేదనే ఆమె అనుకునేది. గీసిన చోట రక్తం వచ్చేది. ఆ బాధ మరిచిపోవడానికి మళ్ళీ చుట్టే వెలిగించేది.

ఇంతలో పాకలో ఒక కుప్ప కుళ్ళింది. గాలివానకు రాలి దెబ్బతిన్న కాయలను కోసిన కాయలతో కలిపి ముగ్గవేయించింది పాండురంగారావు గారే. ఆ సంగతి ప్రతి కూలికీ తెలుసు. అయినా అందరూ ముక్కున వేలేసుకుని వెంకాయమ్మ వైపే చూశారు. తప్పు ఎవరిమీద నెట్టాలా అని వెతుక్కునే శ్రమ కూడా షావుకారుకు మిగల్చరు మావాళ్ళు. నోరు శుభ్రమయ్యేదాకా రావద్దని ఆయన కబురు పెట్టాడు. వాకిట్లో నాలుకలు చూసే పని దుర్గకు వచ్చింది.

ఆంజనేయులు, నేను ఆమెను బస్సెక్కించి బెజవాడలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చాలాసేపు చూశాడు. నోట్లో నిప్పు పెట్టుకుని కాల్చుకున్నందువల్ల పుట్టిన రాచపుండు ఇదన్నాడు. చుట్ట మానాలి, గీయడం మానాలి, వెంటనే గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళి పుండు మాడేలా కరెంటు పెట్టించుకోవాలి, అవసరమైతే నాలుక కొంత కోస్తారు అని చెప్పాడు.

“అయితే పాచి కాదంటారా బాబూ?” అని అడిగింది వెంకాయమ్మ.

“పాచి కాదమ్మా. అంతకంటే చెడ్డది.”

ఆమె ఆ రెండో మాట విన్నట్టు లేదు. దారి పొడుగునా ఆమె ముఖంలో వెలుగు చూసి నాకు ఒళ్ళు మండింది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా పాక దగ్గరికి నడిచింది.

“పాచి కాదంటండీ. డాక్టరుగారే చెప్పారు” అంది పాండురంగారావు గారితో.

ఆయన పైపంచెతో ముక్కు మూసుకున్నాడు. “పాచైతేనేం, పుండైతేనేం వెంకాయమ్మా, కుళ్ళు కుళ్ళే. కాయల దగ్గరికి రాకు.”

గుంటూరు వెళ్దామని ఆంజనేయులు ఎంత బతిమాలినా ఆమె ఒప్పుకోలేదు. “సగం నాలికతో ఆ వాకిట్లో ఏం నిలబడతానురా” అంది. గీయడం మాత్రం మానలేదు.

మరుసటి ఏడు కాపుకు వెంకాయమ్మ మళ్ళీ పాక దగ్గరికి వచ్చింది. వరస చివర, అందరికంటే కింది కూలిలా నిలబడింది. దుర్గ ఒక్కొక్కరినీ చూసుకుంటూ ఆమె దాకా వచ్చింది. వెంకాయమ్మ నోరు తెరవబోయింది. దవడలు పట్టేసి వేలెడు సందు కూడా రాలేదు. ఆ సందులోంచి వచ్చిన వాసనకు పక్కనున్నవాళ్ళు జరిగిపోయారు. దుర్గ నేల చూపులు చూస్తూ, “రేపు రా అత్తా” అంది.

వెంకాయమ్మ తలూపింది. మర్నాడూ వచ్చింది. ఆ పై రోజూ వచ్చింది. దుర్గ రోజూ అదే మాట చెప్పింది. రసాలు అయిపోకముందే ఆమె పోయింది.

శవాన్ని ఎత్తిన రోజు కూడా పాక తలుపు తీశారు. ముగ్గిన కాయ ఎవరికోసమూ ఆగదు. దుర్గ అందరి నాలుకలూ చూసి లోపలికి పంపింది. తర్వాత వాకిట్లోనే చుట్ట వెలిగించి, కాలే కొసను నోట్లోకి తిప్పుకుని, పెదాలు మూసి లోపలికి పోయింది. ఆమె నాలుక ఎవరూ చూడలేదు.