చెయ్యి ఊగే కుర్చీ

పిల్లలు ఆమెను వెనకబెంచీ టీచరు అంటారు. ఆ పేరు వినపడనట్టే ఉంటుంది. వినపడినప్పుడల్లా లోలోపల మురిసిపోతుంది.

ఏడాదంతా బడిలో సామాన్యశాస్త్రం చెబుతుంది. వేసవి సెలవులు రాగానే అదే బడి హాల్లో పిల్లలకు నలుగురిలో నిలబడి మాట్లాడటం నేర్పుతుంది. నేర్పేటప్పుడు వేదిక దగ్గర ఉండదు. హాలు చివర, స్తంభం పక్కన, ఒక చెయ్యి ఊగే పాత చెక్క కుర్చీలో కూర్చుంటుంది. వేదిక మీది గొంతు తనదాకా రాకపోతే చెయ్యెత్తుతుంది. అరవదు, విసుక్కోదు. ఎత్తిన చెయ్యి చూసి పిల్లలే గొంతు పెంచుకుంటారు.

ఆమె చెప్పే సూత్రం ఒక్కటే.

"అందరితో మాట్లాడదామనుకుంటే ఎవరితోనూ మాట్లాడలేవు. హాల్లో ఒక్క ముఖం ఎంచుకో. ఎంచుకున్నాక మార్చకు. చివరిదాకా ఆ ముఖానికే చెప్పు. మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వింటారు."

ఇది పుస్తకంలో దొరికింది కాదు. బడిలో చేరకముందు ఆమె ఒక పెద్ద బట్టల దుకాణంలో మైకు ముందు కూర్చునేది. ఏ అంతస్తులో ఏం దొరుకుతుందో, ఎవరి బండి దారికి అడ్డంగా ఉందో చెప్పేది. ఎవరూ తలెత్తేవారు కాదు. ఒకరోజు తప్పిపోయిన పిల్లవాణ్ణి తీసుకొచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టారు. మైకు గది అద్దంలోంచి చూస్తే కింద దుప్పట్ల గుట్టల మధ్య ఒక తల్లి దిక్కుతోచక తిరుగుతోంది. ఆమె ఆ తల్లి ఒక్కదానితోనే మాట్లాడింది. "అమ్మా, చేతిలో పచ్చ సంచి ఉందే, నీతోనే. కంగారు పడకు. వీడు నా దగ్గరే ఉన్నాడు." దుకాణమంతా ఒక్కసారి సద్దుమణిగింది. బేరమాడుతున్నవాళ్ళు కూడా తలెత్తారు.

ఆ రోజునుంచి ఆమెకు మాటంటే అదే.

ఇన్ని వేసవుల్లోనూ చివరిరోజు సభలో వేదికెక్కిన పిల్లలు ఎంచుకునే ముఖం ఆమెదే అయ్యేది. బెదిరిన చూపులు, నీళ్ళు నిండిన చూపులు అంత హాలు దాటుకుని వచ్చి ఆమె మీద వాలేవి. అలవాటైపోయాయి. అలవాటైనవి సొంతమనిపిస్తాయి.

ఈ వేసవిలో కొత్త మేడం వచ్చింది. మాట్లాడటం ఒక్కటే చాలదు, నాయకత్వం కూడా నేర్పాలని బడివాళ్ళు అనుకున్నారు. కొత్త మేడం ఒకరి కళ్ళకు గంతలు కట్టి, మిగతావాళ్ళ చేత మాటలతోనే ఆ ఒక్కరిని హాలంతా నడిపించేది. కాగితాలతో గోపురాలు కట్టించి, కూలిపోతే పిల్లలకంటే ముందు తనే పకపకా నవ్వేది. వేదిక మెట్ల మీద పిల్లల మధ్య కూర్చునేది. టీచరు ఆమెలో తప్పు వెతికింది. గొంతు కాస్త కీచు అనుకుంది. మర్నాడు శ్రద్ధగా వింటే అదీ బాగానే ఉంది. ఒళ్ళు మండిపోయింది.

మొదటి వారం గడిచేసరికి పిల్లల చూపులు వెనకదాకా రావడం మానేశాయి.

"ఏమండీ, వేదిక మెట్ల మీద కూర్చుని పాఠం చెప్పడం పద్ధతేనా?" అని ఇంట్లో భర్తను అడిగింది.

"నువ్వేమో వెనక కూర్చుంటావు, ఆవిడ ముందు కూర్చుంటుంది. మధ్యలో కూర్చుంటే పద్ధతంటావా?"

"మీకు నవ్వులాటగా ఉంది."

"కాదోయ్. రేపు షాపుకి రా, కళ్ళు పరీక్ష చేస్తాను. ఎటు చూసినా నీకు ఆవిడే కనపడుతోంది. నంబరు మారినట్టుంది."

ఆయన కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాడు. ఇంట్లో ఏ గొడవకైనా ఆయన దగ్గర మందు అద్దాలే. అన్నట్టు, ఆ రోజుల్లో ఆయన మోకాలికి కట్టు ఉండేది. షాపులో బల్ల తగిలిందన్నాడు. మరో వేసవిలో అయితే టీచరు ఆ మాట నమ్మేది కాదు. అప్పుడు మాత్రం ఆమె ధ్యాసంతా ఒకచోటే ఉంది.

ఎందుకంటే కూతురు కూడా ఈసారి కోర్సులో చేరింది.

ఇన్నాళ్ళూ ఆ పిల్ల హాలు గడప తొక్కలేదు. చుట్టాలొస్తే తలుపు చాటునుంచి జవాబు చెప్పే రకం. తల్లి రమ్మంటే "ఇంట్లో నీ పాఠాలు చాలవా అమ్మా" అనేది. ఈ వేసవి తనంతట తనే పేరిచ్చింది. "కొత్త మేడం భలే సరదాగా చెబుతుందట" అంది. ఆ 'భలే' దగ్గర టీచరుకు ముల్లు దిగినట్టయింది.

ఇక భోజనాల దగ్గర కూడా మేడం కబుర్లే.

"మేడం పొద్దున్నే పచ్చి కూరగాయలు తింటుందట."

"ఆవు కూడా తింటుంది" అంది టీచరు.

"అమ్మా!"

భర్త గబగబా మంచినీళ్ళు తాగి నవ్వు దాచుకున్నాడు.

చివరిరోజు దగ్గరపడుతుంటే కూతురు గది తలుపు వేసుకుని సాధన చేసేది. సొంతంగా ముందుండి చేసిన పని ఏదైనా ఒకటి చెప్పాలి. అది కొత్త మేడం పెట్టిన అంశం. తలుపవతల సణుగుడు తప్ప ఏమీ తెలిసేది కాదు.

"ఏం చెబుతున్నావే?"

"అప్పుడే చెప్పకూడదు."

"మీ మేడంకి తెలుసా?"

"కొంచెం తెలుసు. ఆవిడ దిద్దాలిగా."

"ఓహో. నేను దిద్దితే వంకరపోతుందేం?"

టీచరు అసలు అడగాలనుకున్నది వేరు. ఎవరి ముఖం ఎంచుకున్నావు? ఊళ్ళో పిల్లలందరికీ మాట నేర్పే మనిషికి సొంతింట్లో ఒక్క ప్రశ్న పెగల్లేదు.

సభరోజు హాలు తల్లిదండ్రులతో నిండిపోయింది. టీచరు తన కుర్చీలో తాను కూర్చుంది. కొత్త మేడం ముందు వరసలో మెట్లకు దగ్గరగా కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కారు. ఒక్కొక్కరే ముందు వరస వైపే చూశారు. ఎవరిదైనా చూపు అక్కణ్ణుంచి లేచి ఇంతదూరం వస్తుందేమోనని టీచరు ఎదురుచూసింది. రాలేదు. పిల్లలు బాగా మాట్లాడారు. అంత బాగా మాట్లాడకపోయినా బాగుండేదనిపించింది.

కూతురి వంతు చివర. దానికి కాస్త ముందు, మేడం వెనక కూర్చున్న ఒకాయన తన కొడుకు ఉపన్యాసం కాగానే లేచి బయటికి వెళ్ళాడు. ఆ కుర్చీ ఖాళీ అయింది.

టీచరు దాన్నే చూస్తూ ఉండిపోయింది. కూతురి చూపు ఎలాగూ మేడం మీదే వాలుతుంది. సరిగ్గా మేడం వెనక కూర్చుంటే అందులో కాస్తయినా తన మీద పడుతుంది. చూసేవాళ్ళు తల్లినే చూస్తోందనుకుంటారు. తనూ అనుకోవచ్చు.

లేచింది. తలుపు దగ్గరున్న అటెండరు అడిగాడు.

"కుర్చీ చూస్తూ ఉండనా అమ్మా? ఎవరైనా కూర్చుంటారేమో."

"దాని చెయ్యి చూసి ఎవరూ కూర్చోరులే."

పక్కలనుంచి ఒదిగి ఒదిగి ముందుకు వెళ్ళి కూర్చుంది. కొత్త మేడం వెనక్కి తిరిగింది.

"టీచర్! ఇటొచ్చేశారా? నా కుర్చీలోకి రండి, ఇంకా బాగా కనిపిస్తుంది."

"వద్దమ్మా. ఇక్కడ ఫ్యాను గాలి బాగుంది."

పైన ఫ్యాను తిరగడం లేదు. కొత్త మేడం ఒకసారి పైకి చూసి, ఏమీ అనకుండా ముందుకు తిరిగింది. ఆ మర్యాద కూడా టీచరుకు నచ్చలేదు.

కూతురు వేదికెక్కింది. ముందు వరస వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా హాలు చివరికి, స్తంభం పక్కకు చూసింది. అక్కడే చూపు ఆగిపోయింది. నోరు తెరిచి, మూసింది.

ఇక్కడున్నానే అనడానికి టీచరు చెయ్యి సగందాకా లేచింది. ఆ హాల్లో ఎత్తిన చేతికి ఒకటే అర్థం. నీ గొంతు వినపడటం లేదని. పిల్ల ఇంకా నోరు విప్పనే లేదు. టీచరు చెయ్యి దించేసుకుంది.

కూతురు ఊపిరి పీల్చుకుంది. ఖాళీ కుర్చీనే చూస్తూ మొదలుపెట్టింది.

"నేను మా నాన్నకి సైకిలు నేర్పాను."

టీచరు వెనక్కి తిరిగి చూస్తే, నాలుగో వరసలో భర్త రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉన్నాడు. టీచరుకు మోకాలి కట్టు గుర్తొచ్చింది.

"మా నాన్న అందరికీ చూపు సరిచేస్తాడు. సైకిలెక్కితే మాత్రం కళ్ళు మూసుకుంటాడు. ముందు నడిచి దారి చూపించాను. పడ్డాడు. పక్కన నడిచాను. నా మీద పడ్డాడు. చివరికి వెనక సీటు పట్టుకుని పరిగెత్తాను. 'పట్టుకున్నావా' అని అడుగుతూనే ఉన్నాడు. 'పట్టుకున్నా నాన్నా' అంటూనే ఉన్నాను. ఎప్పుడో వదిలేశాను. నా గొంతు వినపడుతోంది కాబట్టి ఆయన తొక్కుతూనే ఉన్నాడు."

హాలంతా నవ్వుతోంది. ఆ మాటలన్నీ టీచరు తల మీదుగా వెళ్ళి వెనక కుర్చీకి చేరుతున్నాయి. అందరిలాగే ఆమె కూడా పక్కనుంచి వింటోంది.

చప్పట్లు ఆగాక కొత్త మేడం వెనక్కి తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నన్ను చూసి చెప్పవే అని ఎంత బతిమాలానో టీచర్. 'నా ముఖం నాకుంది మేడం' అంది."

టీచరు తలూపింది.

జనం వెళ్ళిపోతుంటే కూతురు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఎక్కడికి పోయావమ్మా?"

"ఎక్కడికీ పోలేదు. ఇక్కడే, ఫ్యాను కింద."

కూతురు పైకి చూసింది. "తిరగట్లేదుగా."

"తిరుగుతుందేమోనని కూర్చున్నా. ముందు మీ మేడం ఉందిగా, ఆవిడకే చెప్పాల్సింది."

"ఎంచుకున్నాక మార్చకూడదన్నది నువ్వేగా."

అటెండరు కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తూ స్తంభం దగ్గరికి చేరాడు. ఊగే చేతిని కదిపి చూశాడు.

"దీన్ని పారేద్దామా అమ్మా?"

టీచరు దానికేసి చూసింది. కొత్త మేడం మీద ఇన్నాళ్ళూ రగిలిన కడుపుమంట చెక్కుచెదరకుండా ఆ చెక్క మీదికి మళ్ళింది. తన కూతురి మొదటి మాటలన్నీ అది విన్నది.

"ఉండనీ" అంది. వెళ్ళి అందులో కూర్చుంది. వేదిక బోసిగా ఉంది.

"మళ్ళీ ఒక్కసారి చెప్పవే."

"ఇప్పుడా? అందరూ వెళ్ళిపోయారమ్మా."

"అందరితో నీకేం పని?"

కూతురు నవ్వింది. "ఆకలేస్తోంది. ఇంటికి పద."

టీచరు లేచింది. ఆమె లేచాక కూడా కుర్చీ చెయ్యి కాసేపు ఊగింది.