విజిల్‌కు ముందే కదిలిన బస్సు

బాప్తిస్మం తీసుకున్న రెండో ఆదివారమే నంద్యాల చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేశాను. ఆగితేనా! డెబ్బైల చివర్లో నేను నంద్యాల–ఆళ్లగడ్డ మధ్య తిరిగే ప్రైవేటు బస్సు డ్రైవర్ని. ఆ దారిలో ఎడ్లబండ్లు తోలేవాళ్లంతా నా నోటికి భయపడేవాళ్లు. అలాంటివాణ్ణి, "నా కోపాన్ని ప్రభువు వేర్లతో సహా పీకేసినాడు" అన్నాను. చర్చి మొత్తం స్తోత్రం అంది. ఇక నా కాళ్లు నేల మీద లేవు.

మర్నాడు మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్టాండు. విగ్రహాలు చెక్కే పెద్దాయన ఒకరు, గోనెపట్టా చుట్టిన అమ్మవారి విగ్రహాన్ని తాళ్లతో మా బస్సు పైకి లాగిస్తున్నాడు. "ఉండప్పా, ఇంకా పైకెక్కలే!" అని అరుస్తున్నాడు. నాకేమో ఆలస్యమవుతోంది. వెనక బస్సువాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. "నీ రాయి కోసం బండి నిలిపేదేంది ముసలోడా!" అని, ఇంకా రాయకూడని మాటలు కూడా అని, కండక్టర్ విజిల్ వేయకముందే గేరు వేశాను. ధబ్బుమంది. దిగి చూస్తే అమ్మవారి కుడిచెయ్యి విరిగి పడి ఉంది. చెయ్యి విరిగిన విగ్రహాన్ని ఎవరూ పూజకు పెట్టరు. ఆయన నెల పని మట్టిపాలైంది. ఆ విగ్రహం చేయించుకున్న పల్లెలో ప్రతిష్ఠకు ఇరవై రోజులే ఉంది.

సాయంత్రానికల్లా "కిరస్తానపోడు కావాలనే పగలగొట్టినాడు" అన్న మాట పుట్టింది. "ముసలాయన తాడు సరిగ్గా కట్టలేదని చెప్పేయ్, నేను ఔనంటా" అన్నాడు మా కండక్టర్. అబద్ధమెందుకు, నాకూ అదే బాగుందనిపించింది. కానీ ఇంట్లో ప్రార్థనకు మోకరిస్తే నిన్న చర్చిలో చెప్పిన సాక్ష్యమే చెవుల్లో మోగింది. మర్నాడు మొదటి ట్రిప్పుకే పోయి పెద్దాయన ముందు నిలబడ్డాను.

"తప్పు నాదే పెద్దాయనా. ఏం చెయ్యమంటే అది చేస్తా."

"ఏం చేస్తావ్? చెయ్యి అతికిస్తావా?" అని కసిరాడు. కాసేపటికి, "కొత్తది చెక్కాల. నాకుండేది రెండు చేతులే. నున్నగా రుద్దేదానికి ఇంకో రెండు కావాల" అన్నాడు.

మధ్యాహ్నం మా బండి ఆళ్లగడ్డలో రెండు గంటలు ఆగేది. రోజూ ఆ రెండు గంటలూ ఆయన పాకలో నీళ్లు పోస్తూ రాయి రుద్దాను. అబ్బబ్బ, ఆయన నోటి ముందు నా నోరెంత! "యాడ చూస్తాండావ్రా? కండ్లు ఇంట్లో పెట్టొచ్చినావా?" అనేవాడు. కోపం గొంతుదాకా వచ్చేది. మింగి, మళ్లీ రుద్దేవాణ్ణి. ఒకరోజు మా సంఘపెద్ద ఒకాయన బస్టాండులో పట్టుకున్నాడు.

"ఏందప్పా, బాప్తిస్మం తీసుకొని బొమ్మకు సేవ చేస్తాండావంట?"

"బొమ్మకు కాదన్నా, నేను అన్యాయం చేసిన మనిషికి" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అనేశాక మాత్రం ఎంత సంతోషమో! ఆ పూట స్టీరింగు పట్టుకుని దారి పొడుగునా పాటలు పాడాను.

ప్రతిష్ఠకు ముందురోజు కొత్త విగ్రహం పెద్దాయనతో పాటు నా బస్సులోనే బయలుదేరింది. పల్లె దగ్గర రోడ్డు మీదే డప్పులతో జనం. నేను దిగానో లేదో ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు.

"ఈడేనా మా అమ్మవారిని పగలగొట్టినోడు?"

నా పిడికిలి బిగుసుకుంది, నిజం చెబుతున్నాను. "నేనేనన్నా. కోపంలో బండి కదిలించినా. తప్పు నాదే" అన్నాను. డప్పులు ఆగిపోయాయి.

పెద్దాయన నా చెయ్యి పట్టి లాగి, పొక్కులు లేచిన అరచేతిని వాళ్లకు చూపించాడు. "మీ అమ్మవారి మొగం ఇంత నున్నగుందంటే ఈ చెయ్యే. చొక్కా ఇడువ్." వాడు వదిలాడు. "ముందు కోపిష్టోడే ఈడు, ఇప్పుడు మారినాడు" అన్నాడు పెద్దాయన.

"లేదు పెద్దాయనా, ఇప్పుడూ కోపిష్టోన్నే. రోజూ వస్తాది."

ఆయన పగలబడి నవ్వాడు. "తెలుసు లేరా. ఇరవై దినాలు నువ్వు దాన్ని మింగుతాంటే చూస్తానే ఉంటి కదా!"