కాశమ్మ చెప్పిన దొరల వంశం

యూనివర్సిటీ వరండాలు ఊడ్చే కాశమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ నాగులగట్టు దేశ్‌ముఖ్‌ల ఏడు తరాలూ ఆమెకు నోటికొచ్చు. ఏ దొరకు నిజాం ఏ బిరుదు ఇచ్చాడో, ఏ దొరసాని పుట్టింటి పేరేమిటో తడుముకోకుండా చెప్పేది. బీఏ చదివిన నాకు మా ముత్తాత పేరే తెలియదు.

అరవై ఎనిమిదిలో నేను అక్కడ గుమాస్తాని. గుంటూరు జిల్లా నుంచి వచ్చి తార్నాకలో అద్దె గదిలో ఉండేవాణ్ణి. పాత దొరల కుటుంబాల ఇంటిపేర్లు, బిరుదులు సేకరించి వంశవృక్షాలు గీయడం నా పని. ఒకరోజు “రాజా బహద్దూర్ వెంకట నరహరిరావు” అని పైకి చదువుకుంటుంటే, కాశమ్మ ఊడ్చడం ఆపి గుమ్మంలో నిలబడింది.

“బిరుదు ఆయనది గాదు సారూ, వాళ్ల నాయినది. ఈయనకు ఊళ్లు దక్కినయ్ గని బిరుదు రాలె” అంది.

నిజాం ఇచ్చిన పాత సనదులు తిరగేశాను. ఆమె మాటే నిజం. నాకు తల కొట్టేసినట్టయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదనుకునే రకాన్ని నేను. ఈ వంశం కోసం ఎన్ని ఊళ్లు తిరిగానో!

ఆ తర్వాత నెల రోజులు, మాణికేశ్వర్ నగర్‌లోని తన గుడిసెకు పోయే ముందు నా దగ్గరికొచ్చి నేల మీద కూర్చునేది. కుర్చీ చూపిస్తే వద్దనేది. తను నాగులగట్టు దొరల కోటలాంటి ఇంట్లో, ఆ గడిలోనే పుట్టిందట. తల్లి పేరు అమృతమ్మ.

“నరహరి దొరను చేసుకొని దొరసాని వచ్చిననాడు, మా అమ్మ గూడ గదే బండిల వచ్చింది. దొరసానిని అక్కా అని పిలిచేది” అంది.

అక్కా అంటే చెల్లెలే అనుకున్నాను. దొరసాని పక్కన, ఆమె పుట్టింటి పేరుతో సహా అమృతమ్మనూ రాసేశాను. అంతా అయ్యాక ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి కాశమ్మకు చదివి వినిపించాను. అమృతమ్మ దగ్గర ఆమె నా వేలు పక్కన తన వేలు ఆనించింది.

“గిదేనా మా అమ్మ?”

“ఇదే.”

కొంగుతో కళ్లు తుడుచుకుంది. మంచిపని చేశానని నేను మురిసిపోయాను.

వారం తర్వాత, వంశవృక్షం సరిచూడ్డానికి నరహరి దొర మనవడు వచ్చాడు. అమృతమ్మ పేరు చూసి మొహం చిట్లించాడు.

“మా నాయనమ్మకు చెల్లెలేంది? ఇది ఆడబాప! పెండ్లిల అరణంగ పంపిన దాసి. బతికినన్నాళ్లు గడిల చాకిరికే. తీసెయ్యుండ్రి.”

నేను కొత్త కాగితం మీద మళ్లీ గీశాను. అందులో అమృతమ్మ లేదు. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

సాయంత్రం కాశమ్మకు చెప్పాను. తిట్టినా పడదామనుకున్నాను. ఆమె తిట్టలేదు.

“చెల్లెలని నువ్వు సదివిననాడే తప్పని ఎర్క సారూ. ఒక్క అబద్ధం ఉంటే ఉండనీ అనుకున్న” అంది. “గా పాత కాయితం నాకిస్తవా?” అని అడిగింది.

ఇచ్చేస్తే సరిపోతుందని అనిపించలేదు. వెనక్కి తిప్పి, మీ వాళ్లను ఇటువైపు రాస్తానన్నాను. పైన అమృతమ్మ అని రాశాను. కింద కాశమ్మ. ఇంటిపేరు అడిగితే తల అడ్డంగా ఊపింది.

“మీ నాయన పేరు చెప్పు” అన్నాను.

కాశమ్మ కాగితం నా చేతిలోంచి తీసుకుని మెల్లగా తిప్పింది. చదువు రాని ఆ వేలు దొరసాని పక్కనున్న పేరు మీద ఆగింది. వెంకట నరహరిరావు.

కలం పట్టుకుని అలాగే ఉండిపోయాను.

“రాయి సారూ” అంది కాశమ్మ. “బిరుదు మాత్రం పెట్టకు. ఆయనకు లేదు.”