ముప్పై అయిదు దాటింది

మా ఆడపడుచు పాత దినపత్రికల అంచులన్నీ పెన్సిలుతో నల్లగా చేస్తుంటే మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. కందిగింజంత సున్నా గీసి, గీత దాటకుండా నింపేది.

"పరీక్ష ఇలాగే ఉంటుంది వదినా. జవాబు రాయక్కర్లేదు, సున్నా నింపాలి," అంది.

"ఇంతోటిదానికి మద్రాసు దాకా పోవాలా? మా పిల్లాడు పలక మీద రోజూ నింపుతూనే ఉన్నాడు," అన్నాను. నవ్వింది. అప్పట్లో బాగా నవ్వేది.

డెబ్బైల మొదట్లో, రేపల్లెలో మాట ఇది. తను బాపట్లలో బీకాం చదివి, తెనాలిలో బ్యాంకు గుమాస్తాగా చేసేది. పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వచ్చేది. అమెరికాలో వ్యాపారం నడపడం నేర్పే పెద్ద చదువొకటి ఉందనీ, ముందు ఈ పరీక్ష రాయాలనీ, అందులో బాగా వస్తే ఫీజు అక్కడి కాలేజీవాళ్ళే పెట్టుకుంటారనీ బాపట్ల కాలేజీలో తనకి పాఠం చెప్పిన సారు చెప్పారు. నా చదువు అయిదో తరగతితో సరి. కానీ తనకి ఆ పరీక్ష తప్ప మరో ధ్యాస లేదని తెలుసుకోవడానికి చదువెందుకు?

తను మద్రాసు వెళ్ళి పరీక్ష రాసి వచ్చింది. ఫలితం కాగితం వచ్చేసరికి పెనుమూడి నుంచి చేపలు తెచ్చే ఆవిడ గుమ్మంలో గంప దించి ఉంది. కాగితం మా ఆయన చదివారు.

"పాసా?" అంది అత్తయ్య.

"పాసనీ ఫెయిలనీ లేదమ్మా. నాలుగువందల నలభై అని ఉంది. పక్కన ముప్పై ఎనిమిది. అది నూటికనుకుంటా."

"ముప్పై అయిదు దాటిందిగా. ఇంకేంటి మరి?"

మా అందరికీ తెలిసిన లెక్క అదొక్కటే. ముప్పై అయిదు వస్తే పాసు. చేపలావిడ కూడా, "పాసేనండి. మా బావగారబ్బాయికి ముప్పై నాలుగొచ్చి వల లాగుతున్నాడు," అంది.

"అది మార్కు కాదమ్మా. సార్ని అడిగి చెప్తాను," అంది మా ఆడపడుచు.

"అడుగుదువులే. ముందు దేవుడికి చెప్పుకోవద్దూ?"

మా లూథరన్ సంఘంలో పరీక్ష పాసైనా, కాన్పు క్షేమంగా అయినా కృతజ్ఞత కానుక ఇస్తారు. ఆదివారం గుడిలో పాస్టరు అయ్యగారు పేరు చదువుతారు, ఆ మనిషి లేచి నిలబడాలి. అత్తయ్య ఎప్పుడో మొక్కుకుని ఉంది. ఆ ఆదివారం అయ్యగారు చదివారు, తను నిలబడింది, అందరూ ఆమేన్ అన్నారు. బయటికి రాగానే ఆడవాళ్ళంతా చుట్టూ మూగి చేతులు పట్టుకున్నారు.

ఆ తర్వాత తనతో నేనూ బాపట్ల వెళ్ళాను. సారు వరండాలో కూర్చోబెట్టి కాగితం చూశారు.

"ముప్పై ఎనిమిది మార్కు కాదమ్మా. ఈ పరీక్ష రాసినవాళ్ళు వందమందిని వరసలో నిలబెడితే, నీ వెనక ముప్పై ఎనిమిది మంది. మిగతావాళ్ళు నీ ముందు."

నాకు వెంటనే ఎక్కింది. పంపు దగ్గర బిందెల వరసే కదా.

"అయితే సీటు రాదాండి?" అంది తను.

"ఫీజు వాళ్ళు పెట్టుకోవాలంటే దీనితో రాదు. మళ్ళీ రాయి. చాలామంది రెండోసారి రాస్తారు, తప్పేం లేదు. దరఖాస్తుకి ఇంకా టైముంది."

బస్సు కర్లపాలెం దాటేదాకా తను ఆ కాగితం మడుస్తూ విప్పుతూ కూర్చుంది. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, "మళ్ళీ రాస్తానమ్మా," అంది.

అత్తయ్య గోంగూర ఒలుస్తోంది. "పాసైన పరీక్ష మళ్ళీ రాయడమేంటి?"

"పాసు కాలేదమ్మా."

"కాకపోతే కానుకెలా ఇచ్చాం? అయ్యగారు ప్రార్థన చేశారు. నువ్వు నిలబడ్డావు. సంఘమంతా ఆమేన్ అంది. ఇప్పుడు దేవుడికేం చెప్పను, తొందరపడ్డాం, మా కృతజ్ఞత మాకిచ్చెయ్యమనా?"

కోపంగా అనలేదు. ఒలిచిన ఆకునీ, పారేయాల్సిన కాడల్నీ ఒకే చేటలో వేసేస్తోంది.

"రాయనివ్వమ్మా," అన్నారు మా ఆయన.

"నువ్వు లేచి చెప్తావా గుడిలో, మీరన్న ఆమేన్ వట్టిదని?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళారు. నేను పొయ్యి ఊదుకుంటూ ఉండిపోయాను.

"సరేలే అమ్మా," అంది తను.

అంతే. కంచంలో మెతుకు వదలకుండా తింది. ఏడుస్తుందేమోనని చూశాను, ఏడవలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, ఇంట్లో అందరం అలాగే తిరిగాం. దరఖాస్తు గడువు ముగిసిన రోజు కూడా తను మామూలుగానే టిఫిన్ క్యారియర్ తీసుకుని తెనాలి రైలెక్కింది.

గుడిలో మాత్రం అడుగుతూనే ఉండేవాళ్ళు. "ప్రయాణం ఎప్పుడమ్మా?"

"చూడాలండి."

"ఓడ నిజాంపట్నం రేవుకే రప్పిస్తావేంటి, ఇంత ఆలస్యం?" అన్నాడు ఒక పెద్దాయన.

"రప్పిద్దాం బాబాయిగారూ," అంది. కొన్నాళ్ళకి అడగడం మానేశారు.

మద్రాసుకని కొన్న పెన్సిళ్ళలో మిగిలినవి మా పిల్లాడికి ఇచ్చేసింది. వాడొకరోజు సున్నా గీసి, నలుపంతా గీత బయటికి పోయేలా నింపుతున్నాడు. తను బ్యాంకు నుంచి అప్పుడే వచ్చింది. సంచి భుజాన ఉండగానే వాడి పక్కన కూర్చుని, వాడి చెయ్యి పట్టుకుని, గీత దాటకుండా నింపించింది.