నాలుగింటి గాలి, నాలుగింటి నీళ్ళు

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా తెలుగు బడిలో పొద్దుట ఆడపిల్లలు, మధ్యాహ్నం మగపిల్లలు. గదులు అవే, బెంచీలు అవే. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గాని, గాలిని అడిగి చెయ్యలేదు. వేసవిలో ఆ ఊళ్ళో దక్షిణపు గాలి సాయంత్రం నాలుగింటికి గాని లేవదు. నా తరగతి పిల్లలు పదిన్నరకే ఇళ్ళకి పోతారు.

నా సంగతీ అంతే. నది అవతల, హౌరా దాటాక, టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో కాపురం. మధ్యాహ్నం వంటకి అందుకుంటానన్న షరతు మీదే మా అత్తగారు ఈ ఉద్యోగానికి ఒప్పుకున్నారు. బీయస్సీ చదివిన కోడలు గడప తొక్కితే గాని ఆ ఇంట్లో పప్పు ఉడకదు.

ఎనిమిదో తరగతికి పవనశక్తి పాఠం వచ్చింది. పుస్తకంలో అర పేజీ, ఒక గాలిమర బొమ్మ. బొమ్మ గీయించి ఊరుకోవచ్చు. నేను ఊరుకునే రకం కాదు. చేతుల్తో చేయిస్తానని హెడ్మాస్టారితో వాదులాడి ఒప్పించాను. పిల్లలు డాల్డా డబ్బాల రేకు, సైకిలు పుల్లలు తెచ్చారు. రెక్కలెన్నుండాలి, ఎంత వంచాలి అని రోజుల తరబడి కొట్టుకున్నారు. అసలు వంచకపోతే కదలదు, మరీ వంచితే వణికి ఆగిపోతుంది. బజార్లో పాత టేప్‌రికార్డర్ల మోటార్లు ఏరుకొచ్చాను. కరెంటిస్తే మోటారు తిరుగుతుంది, మనమే తిప్పితే అదే కరెంటిస్తుంది. ఒక్కో మరకి ఒక మోటారు, మోటారుకి శనగ గింజంత ఎర్ర దీపం.

అన్నీ కిటికీ గట్టు మీద వరసగా బిగించాం. ఒక్క రెక్కా కదల్లేదు. సరే, అట్టముక్కలతో విసరమన్నాను. తిరిగాయి, దీపాలు వెలిగాయి. ఓడల డాకులో మూటలు మోసే ఆయన కూతురొకతె ఉండేది. రెక్కలు అందరికన్నా బాగా వంచింది ఆ పిల్లే. అట్టముక్క పక్కన పడేసింది. అక్కడ పంతులమ్మని దీదీమణి అంటారు.

"ఇది గాలి కాదు దీదీమణీ, మన సెయ్యి."

"చెయ్యి విసిరితే వచ్చేది గాలి కాక మరేమిటే?"

"మరైతే ఊరికే వొస్తాదని పుస్తకంలో ఎందుకు రాసేరు? నాకు సెయ్యి నొప్పెడతంది."

వాదనలో నన్ను గెలిచినవాళ్ళు ఆ బళ్ళో అంతదాకా లేరు.

సాయంత్రాలు ఆ మరలు గిర్రున తిరుగుతున్నాయని మగపిల్లల మాస్టారు చెప్పాడు. మీ మరలు మాకే తిరుగుతాయని ఆ మగపిల్లలు గల్లీలో వెక్కిరించేవారట. ఒక్కసారి చూడాలని ఈ పిల్ల పట్టు. నాలుగింటికి బడికి రావడానికి దానికి వీల్లేదు. సరిగ్గా అప్పుడే గల్లీ కుళాయికి నీళ్ళొస్తాయి. తల్లి ఇళ్ళల్లో పనిచేసి చీకటి పడ్డాక వస్తుంది, తండ్రి డాకులో. నీళ్ళు పట్టేది ఈ పిల్లే. మరని ఇంటికి పట్టుకెళ్ళమంటే, వాళ్ళ గల్లీలో గాలి చొరబడదు. ఆదివారం బడికి తాళం.

ఒక్క రోజు పూటలు మార్చమని హెడ్మాస్టారిని అడిగాను. డాకు షిఫ్టు దిగే వేళకి ఆడపిల్లలు ఇళ్ళల్లో ఉండకపోతే తల్లిదండ్రులు బడి మాన్పిస్తారన్నాడు. ఎంత అరిచినా లాభం లేకపోయింది. ఆ పిల్ల తల్లిని పట్టుకున్నాను.

"గాలి రేపైనా వొస్తాది దీదీమణీ. నీళ్ళు మనకోసం ఆగుతాయేటి?"

ఓటమి ఒప్పుకునే అలవాటు నాకు లేదు. నీళ్ళు నేను పడతానన్నాను. ఆవిడ పకపకా నవ్వి, బియ్యెస్సీ సదివింది బాల్తీ మొయ్యడానికేటి అంది.

ఇంట్లో మీటింగన్నాను. ఆ రోజుల్లో ఎర్రజెండాల ఆ ఊళ్ళో మీటింగంటే ఎవరూ మరో ప్రశ్న వెయ్యరు. నాలుగింటికి పిల్లని బడికి పంపి, దాని రెండు బాల్తీలతో కుళాయి వరసలో నిలబడ్డాను. వెనకావిడ ఊరుకోలేదు.

"ఒకరి బదులు ఇంకొకరు నిలబడే బదిలీ కూలీ డాకులో సెల్తాది గాని ఇక్కడ సెల్లదు."

మనిషికా వరస, బాల్తీకా అని నేను మొదలుపెట్టాను. ఇద్దరం నోళ్ళు చేసుకుంటూనే ఉన్నాం, బాల్తీలు నిండిపోయాయి. అక్కణ్ణుంచి బడి కిటికీ కనపడదు. ఎర్ర రాతల గోడలే కనపడతాయి. నెత్తి మీద చెంగు కదలనంత ఉక్క.

పిల్ల మెల్లిగా నడిచొచ్చింది. వేలు చూపించింది. గోరు పక్కన ఎర్రగా కమిలి ఉంది.

"రెక్కని ఆపుదారని ఏలెట్టేను. కొట్టింది." వేలు ముడుచుకుని, "దీపం ఎలిగే ఉంది" అంది. బాల్తీ అందుకుని ఇంట్లోకి పోయింది. వాదనలో ఈసారి గెలిచింది నేనో అదో తేల్చలేదు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. మీటింగులో కొంగు తడిసిందేమని మా అత్తగారు అడిగారు. బియ్యం కడిగాను.

మర్నాడు తరగతిలో ఎవరూ పుస్తకం తియ్యలేదు. ఆ పిల్ల వేలు బెంచీలన్నీ తిరిగొచ్చినట్టుంది. మొదటి బెంచీలో పిల్ల లేచి నిలబడింది.

"ఇయ్యాల మాయింటి బాల్తీ పడతారా దీదీమణీ?"

దాని వెనక ఇంకొకతె లేచింది. ఆ వెనక మరొకతె. కిటికీ గట్టు మీద రేకు రెక్కలు వరసగా ఉన్నాయి, ఒక్కటీ కదలడం లేదు. ఒక్కొక్క మర వెనక ఒక్కొక్క ఇల్లు, ఒక్కొక్క కుళాయి. పదిన్నర బస్సు తప్పితే మధ్యాహ్నం వంటకి అందను, హౌరాలో మళ్ళీ ఇంకో బస్సు మారాలి.

కూర్చోమన్నాను. బోర్డు వైపు తిరిగి తరవాతి పాఠం పేరు రాశాను.