మా కాలేజీ తాడు పోటీ

మా కాలేజీ చరిత్ర ఒక అద్దాల అల్మారాతో మొదలైంది. రైసుమిల్లుల సేట్లు కలిసి మంచిర్యాల పక్కన ప్రైవేటు కాలేజీ పెట్టినప్పుడు, వడ్ల గోదాముకు సున్నం వేయించి, అన్నిటికంటే ముందు కొన్నది దాన్నే. గెలిచిన కప్పులు పెట్టడానికట. లైబ్రరీకి బీరువా ఆ తరువాత వచ్చింది, పుస్తకాలు ఇంకా తరువాత వచ్చాయి. నేను చేరేనాటికి అల్మారాలో అటెండరు టిఫిన్ డబ్బా ఒక్కటే ఉండేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొన్నేళ్లకు కృష్ణా జిల్లా నుంచి కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చారు. భార్యనూ ఇద్దరు ఆడపిల్లలనూ తీసుకొచ్చి స్టేషన్ వెనక కాపురం పెట్టారు. చేరిన రోజే కమిటీ ప్రెసిడెంటు పెద్ద సేటు ఆయన్ను అల్మారా ముందర నిలబెట్టాడు.

"సారూ, గిది మొదటిసంది ఖాలీగనే ఉన్నది. ఈ ఏడు గూడ కప్పు రాకపోతే మాకు డ్రిల్లు సారుతోని పనేంది? మీరే చెప్పుండ్రి."

మాస్టారు మర్నాడు మమ్మల్ని ఎండలో నిలబెట్టి పరిశీలించారు. క్రికెట్‌కు బ్యాటు లేదు, వాలీబాల్‌కు నెట్టు లేదు. ఒకడి ఇంట్లో మోట తాడు మాత్రం ఉంది. అట్లా మా కాలేజీ క్రీడా సంప్రదాయం తాడు పోటీ అయింది.

మాస్టారికి మాటల కన్నా ఈల మీద నమ్మకం ఎక్కువ. ఒక ఈలకు ఒక పట్టు. నెలల తరబడి ఆ ఈల తప్ప ఆయన గొంతు మేం పెద్దగా విన్నది లేదు. తాడు చివర భుజం మీదుగా వేసుకుని నిలబడేవాడు బొగ్గుబావుల కాలనీ నుంచి వచ్చే భారీ మనిషి. వాడు కదలకపోతే మేం ఓడిపోయే ప్రశ్నే లేదు. వాడికున్న ఒకే ఒక లోపం, వదులు లాగు.

ఫైనల్ కరీంనగర్‌లో జరిగింది. మైదానంలోకి దిగేముందు మాస్టారు వాణ్ని పక్కకు పిలిచి, "ఒరేయ్, నీ లాగు గట్టిగా కట్టుకో. అందరి ముందూ జారిందంటే కాలేజీ పరువు పోతుంది" అన్నారు. వాడు రెండు ముళ్లు వేసుకున్నాడు.

పోటీ మొదలయ్యే ముందు అంపైరు వచ్చి, ఈల ఊదే హక్కు తనొక్కడిదేనని చెప్పి మాస్టారి ఈల తీసేసుకున్నాడు. మాస్టారు దాన్ని పెద్ద నష్టంగా భావించలేదు. తాడు బిగిసింది. అవతలివాళ్లు జానెడు జానెడుగా మా వైపు వస్తున్నారు. ఇంకొక్క పట్టు పడితే కప్పు మాదే. మాస్టారు ఈల లేక, ఉన్న గొంతంతా పెట్టి అరిచారు.

"లాగు! లాగు!"

మా వాడు తాడు వదిలేసి రెండు చేతులతో లాగు పట్టుకున్నాడు. మిగతా ఏడుగురమూ బోర్లాపడి గీత దాటాం. మోకాళ్ల తోలు అక్కడే వదిలి వచ్చాం.

"ఎందుకురా వదిలావు?" అన్నారు మాస్టారు.

"మీరే గద సార్, లాగు అంటిరి."

"లాగమన్నానురా."

"ఉన్నది సార్. మంచిగనే ఉన్నది."

నేనే కల్పించుకుని చెప్పాను. "సార్, మా దిక్కు లాగు అంటె తొడుక్కునేది. తాడైతే గుంజుడే."

కమిటీ కాలేజీ వరండాలో కూర్చుంది. మేం లోపల క్లాసు కిటికీ పక్కన నిలబడి విన్నాం. ఎవడు వదిలాడో పేరు చెప్పమన్నాడు సేటు. మాస్టారు చెప్పలేదు. "పిల్లల తప్పేం లేదండీ. నేనే సరిగ్గా చెప్పలేకపోయాను" అన్నారు.

"చెప్పుడే రాకుంటె ఎట్ల సారూ?" అన్నాడు సేటు. డ్రిల్లు పోస్టు తీసేశారు. సేటు మీద నాకు ఆనాడు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. సేటు చనిపోయి ఏళ్లు గడిచినా సరే.

మాస్టారు ఊరు వదిలే రోజు మేం ఎనిమిది మందిమీ స్టేషన్‌కు వెళ్లాం. ఆయన భార్యా పిల్లలూ ముందే ఎక్కి కూర్చున్నారు. చెక్కపెట్టె ఒకటి రైలు తలుపులో అడ్డంగా ఇరుక్కుంది. మేం లోపల, ఆయన ప్లాట్‌ఫాం మీద. అందరికన్నా ముందు మా భారీ మనిషి పెట్టె కడియం పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. పోటీ జరిగిన రోజు నుంచీ వాడు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు.

గార్డు ఈల ఊదాడు. మాస్టారు వాడి వైపే చూస్తూ, పెట్టెకు భుజం ఆనించి, "గుంజరా" అన్నారు.

గుంజాం. ఒక్క పట్టుకే పెట్టె లోపలికి వచ్చేసింది. మేం దిగి తలుపు ఖాళీ చేసేసరికి ఇక ఆయన కూడా ఎక్కక తప్పలేదు.